మోహన్ అన్నయ్య లేని ఇంట్లో పెల్లెట్ బాయిలర్ వెలిగించాం

నిన్న ఉదయం భారతి వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య వెళ్ళిపోయారమ్మా" అంది.

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. హాస్పిటల్ నుంచి ఇంటికి డిశ్చార్జ్ చేశారేమో అనుకున్నాను.

రెండు క్షణాలకి గానీ నా బుర్రకెక్కలేదు.

మోహన్ అన్నయ్య నాకు రక్తసంబంధం కాదు. తొమ్మిదేళ్ళ క్రితం న్యూ హాంప్‌షైర్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు మా టీమ్‌లో ఇంకో తెలుగువాడు ఆయనొక్కడే. మొదటి వారమే భోజనానికి పిలిచారు. భోజనానికి ముందు బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళి బాయిలర్ చూపించారు.

ఆ ఇంటికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ అది తప్పదు.

పెల్లెట్ బాయిలర్ అంటే తెలియనివాళ్ళకి: రంపపుపొట్టుని నొక్కి చేసిన చిన్న గుళికల్ని కాల్చి, నీళ్ళు వేడిచేసి, ఇల్లంతా తిప్పే యంత్రం. బస్తాలు తెచ్చి పోసుకోవాలి, బూడిద ఎత్తుకోవాలి. హాయిగా గ్యాస్ పెట్టుకోక ఈ గోలెందుకని అడిగాను.

"గ్యాస్‌లో చూడ్డానికేముంది?" అన్నారు.

ఆయనకి చూడాలి. ఎందుకు వెలిగింది, ఎందుకు ఆరింది, ఎనిమిది నిమిషాలు పట్టేది ఇవాళ పదకొండు ఎందుకు పట్టింది. సెట్టింగ్ ఒక్కటే మార్చేవారు, రెండు రోజులు ఆగేవారు, నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒకసారి నేను తెలివి చూపించబోయి నాలుగు సెట్టింగులు ఒకేసారి మార్చాను. "ఇప్పుడు ఏది ఏం చేసిందో నీకెలా తెలుస్తుందే తల్లీ?" అని తల పట్టుకున్నారు. ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేస్ పడిపోయినప్పుడు కూడా ఆయన అంత బాధపడగా చూడలేదు.

ఇక బజ్జీల సంగతి చెప్పాలి. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇది చదువుతూ నవ్వుతారు. నవ్వండి.

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, ఆరు కుటుంబాలం వాళ్ళింట్లో లంచ్‌కి కలిశాం. అమెరికాలో మన తెలుగువాళ్ళందరి ఇళ్ళలాగే అక్కడా వేపుళ్ళకి రెండో పొయ్యి ఇంటి వెనక డెక్ మీద, అంటే చెక్క అరుగు మీద ఉంటుంది, ఇల్లంతా వాసన పట్టకుండా. వదిన జాకెట్, టోపీ వేసుకుని మంచులో నిలబడి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. లోపల చూస్తే ఇల్లు చల్లబడిపోతోంది. ఒక్కొక్కరం మళ్ళీ కోట్లు తొడుక్కున్నాం.

బేస్‌మెంట్‌లో బాయిలర్ మాట్లాడకుండా కూర్చుంది. ఎర్రర్ లేదు. స్క్రీన్ మీద మాత్రం బయటి టెంపరేచర్ డెబ్బై ఒకటి ఫారెన్‌హీట్ అని ఉంది, అంటే ఇరవై రెండు సెల్సియస్. జనవరిలో!

అన్నయ్య ముఖం వెలిగిపోయింది.

బయట ఎంత చలిగా ఉందో చెప్పే సెన్సర్‌ని ఎండ తగలని గోడకి పెట్టమని మాన్యువల్‌లో ఉందట. ఈయన బుద్ధిగా ఉత్తరపు గోడ చూసి, సరిగ్గా వదిన పొయ్యి పక్కనే బిగించారు. బయట అరవై దాటితే హీటింగ్ ఆపెయ్యమని ప్రోగ్రామ్ కూడా ఆయనే చేశారు. పాపం బాయిలర్ చెప్పిన మాట విన్నది, అంతే.

అప్పుడైనా పొయ్యి కట్టేస్తే సరిపోయేది. లేదు. "భారతీ, ఆపు... ఇప్పుడు వెలిగించు... ఇంకో వాయి వెయ్యి!" అని కింద నుంచి అరుస్తూ మూడు వాయిలు వేయించారు, అనుమానం తీరేదాకా. మేం వణుకుతూ తిన్నాం.

"పొయ్యి మాత్రం జరగదు" అంది వదిన. మర్నాడు సెన్సరే ఇంకో గోడకి మారింది.

మొన్న మంగళవారం హాస్పిటల్ నుంచి నాకు మెసేజ్ పెట్టారు. "పెల్లెట్లు అయిపోయి ఉంటాయి. ఇల్లు చల్లబడితే పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఒకసారి వెళ్ళి వెలిగించవా?"

"గురువారానికి మీరే వచ్చేస్తారుగా, మీరే వెలిగించుకోండి" అని నవ్వు బొమ్మ పెట్టాను.

వెళ్ళలేదు. మీటింగులున్నాయి అనుకున్నాను. దీనికి నన్ను నేను ఎప్పటికి క్షమించుకుంటానో తెలియదు.

నాలుగు రోజులుగా హాస్పిటల్లోనే ఉన్న వదినని నిన్న మధ్యాహ్నం ఇంటికి తీసుకొచ్చాను. లోపల ముప్పై తొమ్మిది ఫారెన్‌హీట్, అంటే నాలుగు సెల్సియస్. మాట్లాడితే ఆవిరి వస్తోంది. కుళాయి తిప్పి చూశాను, నీళ్ళొచ్చాయి. పైపులు ఇంకా బాగానే ఉన్నాయి. రాత్రికి బయట సున్నా ఫారెన్‌హీట్‌కి పడుతుందట. సాయంత్రానికి బంధువులు దిగుతారు.

బస్తా విప్పి పోశాం. అన్నయ్య చెప్పింది గుర్తుంది: ఖాళీ అయిన బాయిలర్‌ని ఊరికే స్టార్ట్ చేస్తే వెలగదు, గుళికల్ని తోసే స్క్రూని ముందు మాన్యువల్‌గా తిప్పి నింపాలి. "దీనికి అన్నప్రాశన చెయ్యాలి" అనేవారు. తిప్పాను. గుళికలు రాలిన చప్పుడు వినిపించింది.

స్టార్ట్ దగ్గరికి నా వేలు వెళ్తుంటే వదిన ఆపింది.

"నేను నొక్కుతా. ఇన్నేళ్ళలో నన్నొక్కసారైనా ముట్టుకోనివ్వలేదు ఆ మనిషి."

నొక్కింది. పది నిమిషాలు చూశాం. వెలగలేదు. ఎర్రర్ చెరిపి, స్క్రూ ఇంకాసేపు తిప్పాను. వదిన మళ్ళీ నొక్కింది.

ఈసారి చిన్న అద్దంలోంచి ముందు పొగ, తర్వాత నారింజ రంగు, తర్వాత మంట.

పైకి వెళ్ళి పడుకోమన్నాను. కదల్లేదు. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది.

"మంట వచ్చేసిందిగా. మరి లోపలి ఫ్యాన్ ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా ఎందుకు తిరుగుతోంది?"

ఆయన్ని అడుగుదామని ఫోన్ తీశాను.

పేరు దాకా వెళ్ళాక వేలు ఆగింది. వదిన చూసింది. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

ఇల్లు వెచ్చబడింది అన్నయ్యా. ఇక ఏ దిగులూ లేకుండా, ప్రశాంతంగా ఉండండి.