చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు, మా గల్లీ దాటుకుని

యావన్మంది ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, చిక్కడపల్లి వాస్తవ్యుడు, ఏడో తరగతితోనే చదువుకు సెలవిచ్చినవాడు, యాదగిరి అనబడే నేను మొన్న మంగళవారం నాడు అశోక్ నగర్ వెళ్లి, గుత్తివంకాయ కూర తిని, క్షేమంగా తిరిగి వచ్చాను. ఇందుమూలంగా ట్రాఫిక్‌కు ఎలాంటి అంతరాయమూ కలగలేదు.

నవ్వండి, పర్వాలేదు. మా ఇంటి నుంచి అశోక్ నగర్ ఎంత దూరమో తెలిసినవాళ్లు ఇంకా గట్టిగా నవ్వుతారు. ఆటోలో మైకు పెట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతూ చీరల సేల్ గురించి అరవడం నా పని. పోయినేడు సుల్తాన్ బజార్‌లో అలా అరుస్తుండగానే గుండె దడదడలాడింది, చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండె గట్టిగానే ఉందన్నారు. ఇది ఆందోళన జబ్బు, బాగా ముదిరింది, మందులు వాడుతూ కౌన్సెలింగ్‌కు కూడా పోవాలి అన్నారు. అప్పటి నుంచి నేను బాత్‌రూం గడియ పెట్టలేదు. మంగలి షాపులో మెడ చుట్టూ గుడ్డ కడతారని జుట్టు పెంచాను. మా ఆవిడ సుగుణ పక్కన లేకుండా గల్లీ చివర దాటలేదు. ఈలోగా ఆవిడ అశోక్ నగర్‌లో ఒక షట్టరు కిరాయికి తీసుకుని కర్రీ పాయింట్ పెట్టింది. పెట్టి నాలుగు నెలలైనా నేను ఆ దుకాణం ముఖం చూడలేదు. "నువ్వు రాకున్న నడుస్తది లేయ్యా, పరేషాన్ గాకు" అనేది. ఆ మాట నన్ను తొలిచేసేది. నేను లేకుండా నడపడం ఆమెకు నిజంగానే అలవాటైపోతే ఎలా?

అందుకే ఈ ప్రయాణం. నాలాగే ఇల్లు కదలలేక, కదలాలని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ రోజు నారాయణగూడలో కౌన్సెలింగ్ ఉంది. ఎప్పుడూ సుగుణే తీసుకెళ్లేది. "వచ్చే వారానికి మార్చుకున్న" అని అబద్ధం చెప్పి ఆమెను దుకాణానికి పంపించాను. పదింటికి ఒక్కడినే బయల్దేరాను. ముందు కౌన్సెలింగ్, అటు నుంచి అటే దుకాణం. రూటు చెబుతాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల పక్కనుంచి నేరుగా నారాయణగూడ వైపు నడక. మామూలు మనిషికి ఇరవై నిమిషాలు. నాకు ఎక్కువే పట్టింది, ఎందుకంటే దారిలో కనిపించిన ప్రతి మెడికల్ షాపు ముందూ కాసేపు నిలబడ్డాను. పడిపోతే అక్కడే పడిపోదామని.

కౌన్సెలర్ మేడం నన్ను చూసి తలుపు వైపు చూసింది. "ఒక్కరే వచ్చారా యాదగిరి గారూ?"

"ఒక్కన్నే కాదు మేడం, భయం గూడ వచ్చింది. చెప్పుల కాడ కూసోబెట్టిన."

"పోయేటప్పుడు మరిచిపోకండి మరి. అది పోయాక బయల్దేరదామనుకుంటే మీరు ఎప్పటికీ బయల్దేరరు. వెంట పెట్టుకునే మీరు చెప్పిన అశోక్ నగర్ పోండి. మధ్యలో గొడవ చేస్తే పారిపోవద్దు. నిలబడి, కళ్లకు కనిపించేవాటి పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోండి."

అది నారాయణగూడ చౌరస్తాలోనే గొడవ చేసింది. ఒకవైపు బస్సు హారన్, నెత్తి మీద మెట్రో, ముందు షేర్ ఆటోల గుంపు. ఇంటికి పారిపోవాలనిపించింది. మేడం చెప్పినట్టు పేర్లు చెప్పుకుందామనుకున్నాను. మనసులో చెప్పుకుంటే భయం గొంతే పెద్దగా వినిపించింది. దాంతో పైకే అందుకున్నాను. ఎదురుగా ఆటో అద్దం మీద రాసిన ఊళ్ల పేర్లు కనిపించాయి. ఇరవై ఏళ్లు మైకు పట్టిన గొంతు కదా, ఆగలేదు. "చిక్కడపల్లి! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్! చిక్కడపల్లి! ఆర్టీసీ క్రాస్‌రోడ్స్!"

తేరుకుని చూస్తే జనం ఆటో ఎక్కుతున్నారు. సంచీ పట్టుకున్న ఒక పెద్దమ్మ నా భుజం తట్టింది. "రాంనగర్ దిక్కు పోతదా బిడ్డా?"

"క్రాస్‌రోడ్స్ కాడ దిగి మారాలె పెద్దమ్మా" అన్నాను. చస్తున్నవాడు కూడా రూటు సరిగ్గా చెప్పాలి కదా.

డ్రైవరు పాలమూరు మనిషి. నా వైపు అనుమానంగా చూశాడు. "ఏందన్న, అడ్డకు కొత్తగ వచ్చినవా? పిలిచినందుకు ఎంత అడుగుతవ్?"

"ఏం వద్దన్నా. జర పరేషాన్ల ఉన్న. భయమైతే ఇట్ల ఒదుర్త."

అతను నా ముఖం చూశాడు, చెమట చూశాడు, వెనక సీటు చూశాడు. "గట్లనే ఇంకొంచెం సేపు ఒదురన్నా. ఇద్దరు తక్కువున్నరు."

ఆటో నిండింది. వెనక ఇరుక్కుంటే ఊపిరాడదని చెప్తే తన పక్కన అంచున కూర్చోబెట్టుకున్నాడు. షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. నా దగ్గర తీసుకోలేదు. "నువ్వు ప్యాసింజర్ కాదన్నా, స్టాఫ్" అన్నాడు.

అసలు గండం ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. నారాయణగూడ నుంచి క్రాస్‌రోడ్స్ పోయే ఆటో మా గల్లీ మొగ మీదుగానే పోతుంది. మా గల్లీ కిరాణా కొట్టు కనిపించింది. మా మెట్లు, మా తాళం, నా మంచం కనిపించినట్టే అనిపించింది. గుండె మళ్లీ మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే డ్రైవరు వేగం తగ్గించి వెనక్కి తిరిగాడు. "ఈడ ఎవలన్న దిగేదుందా?"

అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. దిగితే ఎవరికీ తెలియదు. సుగుణకు ఎలాగూ చెప్పలేదు. నోరు తెరిచాను. "ఎవ్వలు లేరన్నా, పోనియ్!" మైకు గొంతుతో అరిచాను. గల్లీ వెనక్కి వెళ్లిపోయింది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ, దాని పని అది.

క్రాస్‌రోడ్స్‌లో దిగి అశోక్ నగర్ వైపు నడిచాను. సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు బ్యాగులతో, హాల్ టికెట్ల బెంగతో తిరుగుతుంటే నా బెంగ చిన్నదిగా కనిపించింది. సుగుణ దుకాణం ముందు వరుసలో నిలబడి, ముఖానికి దస్తీ కట్టుకుని, గొంతు మార్చాను. "అక్కా, పప్పుచారుల ఉప్పేసినవా, ఉప్పుల పప్పుచారేసినవా?"

ఆమె ప్లాస్టిక్ కవర్‌కు దారం చుడుతూ తల ఎత్తలేదు. "ఉప్పు సాలకుంటే ఇంటికాడ మా ఆయన ఉన్నడు. ఆయన మాటలు నంజుకో."

దస్తీ తీశాను. దారం చుట్టే చేయి ఆగింది. నా వెనక ఎవరున్నారా అని వెతికింది. "ఎవలు తోల్కొచ్చిన్రు?"

"ఎవ్వలు తోల్కరాలే."

చేతిలో కవర్ పక్కన పెట్టింది. తర్వాత వరుసలో ఉన్న పిల్లలకు వినిపించేలా చెప్పింది. "మా ఆయన. ఒక్కడే వచ్చిండు. చిక్కడపల్లి నుంచి!" ఢిల్లీ నుంచి వచ్చినంత గొప్పగా చెప్పింది. ఆ పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. "జరుగయ్యా, ఎనుక ఆగిన్రు" అని నాకు వంకాయ కూర పెట్టింది. స్టూలు మీద కూర్చుని మొత్తం తిన్నాను.

నాకు జబ్బు తగ్గలేదు. ఈ రోజు పొద్దున కూడా గుండె దడ వచ్చింది. కానీ భయం లేనివాళ్లే బయట తిరుగుతారని ఏడాది పాటు నమ్మాను, అది తప్పు. నా గొంతు పోలేదు, కాళ్లు పోలేదు. ఈ విషయంలో కొంచెం గర్వపడుతున్నాను, కొంచెమే కాదు, బాగానే. మీకు ఒక్క సలహా: షేర్ ఆటో ఎక్కితే అంచు సీటు అడగండి, ఎందుకో డ్రైవర్‌కు ఒక్క ముక్కలో చెప్పండి. సిగ్గుపడొద్దు, వాళ్లు ఇంతకంటే వింత మనుషులను రోజూ చూస్తారు.

ఇక ఇందులో నేను కల్పించినవేవో చెప్పేస్తాను. మేడంతో చెప్పుల జోకు నేను వేయలేదు. "అవును మేడం" అని మాత్రమే అన్నాను, జోకు ఇంటికొచ్చాక తట్టింది. నా కేకలకు ఆటో నిండలేదు, ఎక్కింది ఇద్దరే. పెద్దమ్మ ఉంది గానీ నన్ను బిడ్డా అనలేదు, పిచ్చోడా అంది. దస్తీ కట్టినా సుగుణ నన్ను నడకతోనే దూరం నుంచి గుర్తుపట్టింది. గల్లీ దగ్గర దిగకపోవడం మాత్రం నిజం. "ఒక్కడే వచ్చిండు" అని ఆమె అనడం కూడా నిజం. ఆ మధ్యాహ్నం కూర కొన్న ప్రతి ఒక్కరికీ చెప్పింది.