వేలు పట్టుకుని నడిచే తోటికోడలు

మా చిన్న తోటికోడలు ఎక్కడికి నడిచినా నా చిటికెన వేలు పట్టుకునే నడిచేది. కోటగిరి సంతలోనైనా, పెళ్లి పందిట్లోనైనా అంతే. చూసినవాళ్లు మమ్మల్ని సొంత అక్కచెల్లెళ్లనుకుంటే నేను మురిసిపోయేదాన్ని.

మొన్న ఎండాకాలం పిల్లలను తీసుకుని నిజామాబాద్ దగ్గరి రిసార్టుకు పోయాం. ఈతకొలను పక్కన మా మరిది పై ఆఫీసరు భార్య ఎదురైంది. నా చీరకేసి చూసి, "ఈమెవరు?" అని అడిగింది.

తోటికోడలు నా వేలు వదిలేసి, "పిల్లల్ని సూసుకోనీకి తోల్కొచ్చినం మేడం," అంది.

ఆ మేడం వెంటనే తన తడి తువ్వాలు నా చేతికిచ్చి, పోయి కుర్చీలో కూర్చుంది.

కాసేపటికి తోటికోడలు నా చెవిలో, "ఏమనుకోకక్కా, ఆళ్లు పెద్దోళ్లు. నువ్వు మనింటిదానివే గద," అంది.

"గా ముచ్చట ఆమె ముంగట ఎందుకు చెప్పలే?" అన్నాను.

"మెల్లగ మాట్లాడక్కా, ఆమెకు ఇనబడ్తది."