పై పొలం అమ్ముడుపోయాక

మాస్టర్స్ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం వేల్స్ కొండల్లో. ఒకే వాగు వెంట పొలాలున్న నలుగురు రైతులను కలిపి, వాగుకు రెండు పక్కలా కొంత నేల అడవికి వదిలేలా ఒప్పించడం నా పని. గొర్రెలు రాకుండా కంచె వేస్తే చెట్లు పెరుగుతాయి, వరద నెమ్మదిస్తుంది, మట్టి కొట్టుకుపోదు, చేపలూ పక్షులూ తిరిగొస్తాయి. ఒక్కరు కాదన్నా మిగతావాళ్ళ శ్రమ వృథా.

వాగు పుట్టేది కొండ కొసన, ఒక ముసలాయన పొలంలో. చాలాకాలం ఆయన నన్ను గుమ్మం దాటనివ్వలేదు. "మా నాన్న చెట్లు కొట్టి ఈ గడ్డి పెంచాడు. మళ్ళీ చెట్లు నాటమంటావా?" అనేవాడు. ఒక వసంతంలో పెద్దవానలకు కింది పొలం గొర్రెపిల్లలు వరదలో కొట్టుకుపోయాయి. ఆ వారమే తనే ఫోన్ చేసి పిలిచాడు.

"నా నేల నుంచే మొదలుపెట్టు," అన్నాడు.

ఆ చలికాలం అందరం కలిసి మొక్కలు నాటాం. లండన్ దగ్గర స్టీవెనేజ్‌లో పనిచేసే మా ఆయన వీకెండ్లకు వచ్చి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని గుంతలు తీసేవాడు.

"మా పత్తిచేన్ల గిట్ల కష్టపడితే బాపు ఎంత మురుస్తుండెనో," అని నవ్వేవాడు.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. అప్పుడే ముసలాయన పక్షవాతంతో పడిపోయాడు. కొండ మీద బతకడం పిల్లలకు ఇష్టం లేదు; పొలం అమ్మేశారు. కొన్న కంపెనీ కలప కోసం ఒకే జాతి చెట్లు వేస్తామంది. వెళ్ళి బతిమాలాను.

"మేమూ చెట్లే కదా నాటేది," అన్నారు మర్యాదగా.

నీళ్ళను స్పాంజిలా పట్టుకునే పై పొలం నల్లనేలను ఆరబెట్టడానికి డిగ్గర్లతో కాలువలు తవ్వారు. మొదటి పెద్దవానకే వాగు కాఫీ రంగులో దిగింది. చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళన్నీ బురదలో కూరుకుపోయాయి.

పిల్లలు చేర్చిన కేర్ హోమ్‌కి వెళ్తే ముసలాయన ముద్దముద్దగా అడిగాడు: "వాగెలా ఉంది?"

నేను ఆయన దుప్పటి సర్దాను. ఆయనకు అర్థమైంది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మిగిలిన వాళ్ళలో ముందు తప్పుకున్నది గొర్రెపిల్లల్ని పోగొట్టుకున్న రైతే. ఆ శనివారం నేనూ మా ఆయనా అక్కడే ఉన్నాం.

"తప్పు నీదీ కాదు, నాదీ కాదు. పైనుంచి బురదే వస్తుంటే నా మేత నేనెందుకు వదులుకోవాలి?" అన్నాడు.

ఆయన కంచె గేటు తీశాడు. గొర్రెలు తోసుకుంటూ లోపలికి పోయాయి. మొదట లేతకొమ్మలు కొరికాయి, తరువాత బెరడు ఒలవడం మొదలుపెట్టాయి. ఆయన కూడా చూడలేక ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"ఇగ చాలు. స్టీవెనేజ్ దిక్కు ఏదన్న జాబ్ చూస్కుందాం, వచ్చెయ్," అన్నాడు మా ఆయన.

సరే అని కారెక్కి కూర్చున్నాను.