మేజోళ్ళకంటిన పొడి

మొన్న కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి బూట్లతోనే హాల్లోకి నడిచొస్తే మా ఆవిడ కేకలేసింది కానీ, నేను మాత్రం పేపర్లో తల దూర్చాను. బూట్లు విప్పే విషయంలో మాట్లాడే అర్హత నాకుందో లేదో ఇప్పటికీ తేలలేదు మరి.

రెండు వేల అయిదు ప్రాంతాల్లో మేం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. పాత కార్ల బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే చిన్న కర్మాగారంలో నేను ప్రోగ్రామర్ని. ఆ రోజుల్లో ఈ దేశం వచ్చిన నా ఈడువాళ్ళకు తెలిసే ఉంటుంది, వీసా నిలబెట్టే ఉద్యోగం ఏదైనా కళ్ళకద్దుకునేవాళ్ళం. కింద షెడ్డు, పైన మా గది. ఉన్న ముగ్గురమూ తెలుగువాళ్ళమే కావడంతో, మూల బల్ల మీద దేవుడి పటం పెట్టుకుని, గుమ్మం బయటే బూట్లు విడిచి, రోజంతా మేజోళ్ళతో తిరిగేవాళ్ళం. మీ అంత శుభ్రమైనవాళ్ళను చూడలేదని మేనేజరంటే ఎంత పొంగిపోయామో! కార్పెట్ మీద బూడిదరంగు పొడి కనిపిస్తే, మంచుకు రోడ్ల మీద చల్లిన ఉప్పేలే అనుకున్నాం. ఇంటికొచ్చి మళ్ళీ బుద్ధిగా బూట్లు గుమ్మంలోనే విప్పి, అవే మేజోళ్ళతో, పాకే పాప పక్కన చతికిలబడేవాణ్ణి.

ఏడాది నిండాక చేసిన రక్తపరీక్షలో పాప ఒంట్లో సీసం ఎక్కువుందనీ, అది పిల్లల మెదడును, జ్ఞాపకశక్తిని దెబ్బతీయొచ్చనీ అన్నారు. కౌంటీ ఆరోగ్యశాఖ నర్సు ఇంటికొచ్చి పసుపు, కుంకుమ, కాటుక ఇండియా నుంచి తెచ్చినవేనా, వాటిలోనూ సీసం ఉండొచ్చు అని అడిగి, మళ్ళీ వస్తానని వెళ్ళగానే, మా ఆవిడ పుట్టింటివాళ్ళు పంపిన డబ్బాలన్నీ ఏడుస్తూ చెత్తలో పడేసింది. రెండోసారి వచ్చినప్పుడు ఆ నర్సు నా ఉద్యోగం సంగతి అడిగి, నా కాళ్ళవైపు కాసేపు చూసి, మేజోళ్ళు సంచిలో వేసిమ్మంది. వాటిలో సీసం ఉంది. పసుపు, కాటుకల్లో ఉందో లేదో చూడడానికి ఏమీ మిగల్లేదు.

"నేను పెట్టిన కాటుక వల్లేనంటారా?" అని మా ఆవిడ అడిగింది.

"నాకు తెలీదు," అన్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియలేదు.

ఉద్యోగం మానేశాను, ఊరు మారాం, పాప రక్తంలో సీసం మెల్లగా తగ్గింది. ఇప్పుడు అలాంటి చోట్ల పైన కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు కూడా బట్టలు మార్చుకున్నాకే ఇంటికి వెళ్ళాలట; అప్పట్లో అవన్నీ షెడ్డువాళ్ళకే, మనకెందుకనుకున్నాం.

అమ్మాయి బాగానే చదువుతోంది. అయినా కారు తాళాలెక్కడో పెట్టి మరిచిపోయి నవ్వినప్పుడల్లా, ఈ వయసులో ఎవరైనా మరిచిపోతారంటుంది మా ఆవిడ, అవునంటాను నేను, ఆపైన ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఇద్దరం తాళాలు వెతుకుతాం.