మా తోడల్లుడి తలకాయ, నా పెట్టె

ఆర్నెల్ల కిందట ఒక ఆదివారం మద్దిలపాలెంలో మా తోడల్లుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టగానే నాకు ఆకలి చచ్చిపోయింది. టీవీ పక్కన అతని పాత బేస్ యాంప్లిఫయరు హెడ్డు, అంటే గిటారు శబ్దాన్ని పెంచే చిన్న యంత్రం, ఒక కొత్త స్పీకరు పెట్టె మీద దర్జాగా కూర్చుని ఉంది. హెడ్డు నాకు తెలిసిందే, పెట్టె మాత్రం ఎప్పుడూ చూడలేదు. నల్లగా, నున్నగా, చంటిపిల్లల కుర్చీ అంత ఉంది. వాళ్ళబ్బాయి కొనిపెట్టాడట. పక్కనే దానికో మెత్తటి సంచి, హెడ్డుకో చిన్న సంచి, రెంటికీ భుజాన వేసుకునే పట్టీలు. నన్ను సోఫాలో కూర్చోనివ్వకుండానే, "అన్నా, ఏటలా సూత్తన్నావ్? ఒక్క సేత్తో ఎత్తు, లెగిసిపోతాది" అన్నాడు. ఎత్తాను, లేచింది. అంత సులువుగా లేవడమే నాకు నచ్చలేదు.

మన వయసువాళ్ళకు ఆర్కెస్ట్రాల కాలం గుర్తుండే ఉంటుంది. పెళ్ళి అయినా, అమ్మవారి పండగ అయినా, స్టేజీ మీద రంగు బల్బులూ, మెరుపుల చొక్కాలూ ఉండేవి, పాడేవాళ్ళ వెనక ఎవరూ పట్టించుకోని ఒక మూల నాలుగు లావు తీగల గిటారు పట్టుకుని ఒక మనిషి ఉండేవాడు. ఆ మూల మనిషిని నేను. బేస్ గిటారు పప్పులో ఉప్పులాంటిది, ఉన్నప్పుడు ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే అందరూ మొహాలు చిట్లిస్తారు. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి, ఒంటిమీద ఆ ఇనుప వాసన పోకముందే జాలరిపేట చేరి, చొక్కా మార్చుకుని వ్యాను ఎక్కేవాణ్ణి. ఆర్కెస్ట్రా మా బావది, అంటే మా ఆవిడ అన్నగారిది. అందులో బేస్ కుర్చీ ఒక్కటే. అది నాదన్న ధీమాతో నేను చాలా ఏళ్ళు బతికాను.

కుర్చీ కన్నా నాకు గొప్ప, నా పెట్టె. యాంప్లిఫయరూ స్పీకరూ కలిసి ఒకే చెక్కలో ఉండే ఆ పెట్టె బీరువాకు తమ్ముడిలా ఉండేది, నలుగురు పట్టందే కదిలేది కాదు. మా పేటలో వేట నుంచి వచ్చిన చేపలు పంచుకునేటప్పుడు మనుషులతో పాటు పడవకూ ఒక పాలు తీస్తారు కదా, మా బావ అదే ఆచారం ఆర్కెస్ట్రాలోకి తెచ్చాడు. ప్రోగ్రాం అయ్యాక బిరియానీ పొట్లాలు పంచేటప్పుడు నాకొకటి, నా పెట్టెకొకటి. వ్యానులో డ్రైవరు పక్క సీటు కూడా పెట్టెగలవాడిదే. ఇంటికి పట్టుకెళ్ళిన ఆ రెండో పొట్లం పిల్లలు తింటుంటే, పడవ యజమాని అయిన మా నాన్న కన్నా నేనేం తక్కువ అనిపించేది.

ఆ రోజుల్లోనే మా ఆవిడ చెల్లెలికి పెళ్ళయింది. పెళ్ళికొడుకు ఓడల్లో పని చేసేవాడు, నెలల తరబడి సముద్రం మీద ఉండి, దిగినప్పుడల్లా సెంటు సీసాలతో, చాక్లెట్లతో భీమిలిలోని అత్తవారింటికి వచ్చేవాడు. వంజరం వండిన రోజున నడిమి ముక్కలు అతని కంచంలోకీ, తోక ముక్కా పులుసూ నా కంచంలోకీ వచ్చేవి. పెద్దల్లుణ్ణి నేను, పండగకు కొబ్బరికాయలు మోసేవాణ్ణీ నేనే. పోనీలే అని సర్దుకునేవాణ్ణి, కానీ అతను ఓడలో ఎవరి దగ్గరో బేస్ గిటారు నేర్చుకున్నాడని తెలిసిన రోజున మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఒకసారి సంచిలోంచి ఒక చిన్న నల్ల డబ్బా తీసి అత్తగారి మంచం మీద పెట్టాడు. అది క్యారేజీ అనుకుని ఆవిడ మూత కోసం వెతికింది. అది బేస్ యాంప్లిఫయరు హెడ్డు, నా పెట్టెలో సగం జాగా ఆక్రమించిన యంత్రమంతా అందులో ఇమిడిపోయింది. మేం దాన్ని తలకాయ అనేవాళ్ళం. చూడగానే నాకు ఒళ్ళు మండింది. అయితే దేవుడు నా పక్షాన కూడా కాస్త ఉన్నాడు, తలకాయ ఒక్కటే ఉంటే మోగదు, దానికి స్పీకరు పెట్టె కావాలి. అంత బరువు ఓడ నుంచి ఎవడు మోసుకొస్తాడు? మొండెం లేని తలకాయను అతను బట్టతో తుడుచుకుంటూ కూర్చుంటే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. భీమిలిలో సముద్రం ఒడ్డున ప్రోగ్రాం, ఇంకా వెలుగుండగానే స్టేజీ కట్టారు, స్విచ్చి వేస్తే నా పెట్టె కిక్కురుమనలేదు. ఉప్పుగాలి లోపలి యంత్రాన్ని తినేసింది, స్పీకరు మాత్రం బాగానే ఉంది. అత్తవారి ఊరు, ముందు వరసలో అత్తగారు, పక్కన తలకాయ పట్టుకుని తోడల్లుడు. నా కుర్చీ ఆరోజుతో పోయిందనుకున్నాను. మా బావ ఇద్దర్నీ చూసి, "పడవ ఒకడిది, వల ఒకడిది అయితే ఏటి సేత్తాం బావా? ఇద్దరూ యేటకెల్తారు. ఇదీ అంతే" అని తేల్చేశాడు. సగం పాటలు నావి, సగం అతనివి. పెట్టె పాలు కూడా చెరి సగం.

మైకుసెట్టు ఆయన నా పెట్టె వెనక పలక విప్పి తీగలు బయటికి లాగాడు. కరెంటు కొలతలో తలకాయ అడిగే ఓములూ నా స్పీకరు ఓములూ జాతకాలు కలిసినట్టు కలిశాయి. తోడల్లుడు తీగ మీటాడు. అత్తవారింట నోరు విప్పని కోడలు పుట్టింటికి వెళ్ళి గలగలా మాట్లాడినట్టు, అన్నేళ్ళూ నాకివ్వకుండా దాచిన శబ్దమేదో నా పెట్టె అతనికి ఇచ్చేసింది. ఆ ద్రోహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆరోజే అతను ఒక ఘనకార్యం చేశాడు. పడవ ఇంజనుకు ఉప్పుగాలి తగలకుండా మావాళ్ళు గోనెపట్టా కప్పుతారు. ఆ అలవాటు కొద్దీ అతను తలకాయకు తువ్వాలు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టాడు. దాని వెనక గాలిపంకా ఉందని, దానికి ఊపిరాడకపోతే తలకాయ వేడెక్కి దానంతటదే ఆగిపోతుందని ఎవరికీ తోచలేదు. మంచి హుషారు పాట మధ్యలో, అతని వంతులోనే, బేస్ మాయమైంది. నాకు కలిగిన ఆనందం ఎంతని చెప్పను! కట్టు విప్పి చల్లార్చేదాకా పాడే అమ్మాయి అతన్ని మింగేసేలా చూసింది.

ఆ తరవాత మా బావ పాతనగరంలో ట్రంకుపెట్టెలు చేసే సాయిబు దగ్గర ఆ తలకాయకొక కేసు చేయించాడు. లోపల స్పంజీ, బయట రెక్సిను, గాలాడేటట్టు ముందూ వెనకా తెరిచి ఉంటుంది. సాయిబు నా పెట్టె పైన నాలుగు గుంటలు తొలిచి, కేసు కాళ్ళు సరిగ్గా వాటిలో దిగేటట్టు చేశాడు. ఆ కేసు నా పెట్టె మీద తప్ప ఇంకెక్కడా కుదురుగా నిలిచేది కాదు. తోడల్లుడు ఏ ఊళ్ళో వాయించాలన్నా ముందు నాకే ఫోను, "అన్నా, పెట్టి కాళీయేనా?" అని. నువ్వు ఖాళీయేనా అని మాత్రం అతను ఏనాడూ అడగలేదు. షిఫ్టు చూసుకుని చెప్తానని కాసేపు బిగుసుకుని, తప్పకుండా వెళ్ళేవాణ్ణి. ప్రోగ్రాం అయ్యాక జనం ఆ చిన్న తలకాయ చుట్టూ మూగితే, కింద బరువంతా మోసే నా పెట్టెను ఒక్కడూ చూసేవాడు కాదు.

తరవాత కీబోర్డు వాయించేవాడి ఎడమచెయ్యి బేస్ కూడా వాయించేసి మా పని మింగేసింది, పాటలన్నీ నింపుకున్న పెన్ డ్రైవు వచ్చి ఆ ఎడమచేతినీ మింగింది. మా బావ కాలం చేశాడు. అయినా నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం తోడల్లుడు తలకాయను కేసుతో సహా ఆటోలో వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు. మా ఆవిడ పెట్టె మీద పేర్చిన బియ్యం బస్తాలు దింపేవాళ్ళం. చేపల పులుసు ఉడికేదాకా చెరో పాటా వాయించి, ఎవరి వేళ్ళు బాగా ఆడుతున్నాయని పోట్లాడుకునేవాళ్ళం.

ఆ ఆదివారం అతని హాల్లో నిలబడి, సాయిబు చేసిన కేసు ఏదని అడిగాను. "బాల్కనీలో ఉందన్నా. గాలాడతాది కదా, మీ మరదలు ఉల్లిపాయలు ఏసుకుంతంది" అన్నాడు. కొత్త పెట్టె మీద ఒక పాట వాయించాడు. బాగా లేదందామని నోటిదాకా వచ్చింది కానీ నా చెవులు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎవరి సరంజామా వాళ్ళ భుజానికే తగిలించుకోవచ్చు, ఒకరి గుమ్మం ఒకరు తొక్కనక్కర లేదు. మంచిదే, నడుములు మిగులుతాయి. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆటో మా వీధిలోకి రావడం లేదు. అంత బెంగగా ఉంటే మీరే వెళ్ళిరావచ్చు కదా అంటుంది మా ఆవిడ. వెళ్ళచ్చు. ఏ పని మీద వచ్చావన్నా అని అడిగితే ఏం చెప్పను?