పేరు చెప్పింది నేనే

ఇన్నేళ్లుగా ఒక మాట నా లోపలే బరువుగా ఉండిపోయింది. మా వారికి చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎవరిని చూసినా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న రోజులవి. నాన్న ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి సికింద్రాబాద్ వచ్చాం. యూనివర్సిటీ కాలేజీలో విద్యార్థులమే నడుపుకునే నాలుగు పేజీల పత్రికకు నేను ఎడిటర్‌ని. వార్తలు రాసేది నా క్లాస్‌మేట్ యాదగిరి, బన్సీలాల్‌పేట్ అబ్బాయి. రెజిమెంటల్ బజార్‌లో ప్రింట్ చేయించి, కట్టలు మేమే మోసుకొచ్చి పంచేవాళ్లం.

ఒకరోజు మా జూనియర్ రేణుక పత్రిక గదికి వచ్చింది. ల్యాబ్‌లో ఒక లెక్చరర్ మార్కులు అడ్డం పెట్టుకుని అమ్మాయిలను ఎలా వేధిస్తున్నాడో చెప్పింది. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. తన పేరు మాత్రం బయటికి రాకూడదంది. రాదన్నాను. గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

యాదగిరి రాశాడు. పేర్లు లేకుండా వేశాం. క్యాంపస్ అట్టుడికిపోయింది.

ప్రిన్సిపాల్ నన్నొక్కదాన్నే పిలిచారు. అరవలేదు. టీ తెప్పించారు. వచ్చే వారం ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలకు వస్తోందని, ఈ సంగతి ఎవరు చెప్పారో తేలకపోతే నన్ను కూర్చోనివ్వడం కష్టమని అన్నారు. ఆ అమ్మాయికి ఏ ఇబ్బందీ రానివ్వనని కూడా అన్నారు. నేను నమ్మానా? నమ్మినట్టు నాకు నేనే చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. టీ పూర్తికాకముందే పేరు చెప్పేశాను.

మీ అమ్మాయి లేనిపోనివి ప్రచారం చేస్తోందని బొల్లారంలో రేణుక ఇంటికి కబురు వెళ్లింది. వాళ్ల నాన్న వచ్చి చదువు మాన్పించి తీసుకెళ్లారు. వెళ్లేముందు ఆమె మా గది గుమ్మంలో నిలబడి యాదగిరితో, "నిన్ను నమ్మిన, అన్నా" అంది. నా వైపు చూడనైనా లేదు. ఆడపిల్లనని నన్ను అనుమానించలేదేమో.

ఆమె వెళ్లాక యాదగిరి నన్ను అడిగాడు.

"నేనెవ్వరికీ చెప్పలే. నువ్వేమన్న చెప్పినవా?"

"నేనెందుకు చెప్తాను? నువ్వే ఎక్కడో నోరు జారుంటావు. గుర్తు చేసుకో."

అతను నిజంగానే గుర్తు చేసుకోవడానికి కూర్చున్నాడు. "మొన్న క్యాంటీన్ల దోస్తులతోని మాట్లాడిన... అప్పుడేమన్న అన్ననేమో."

అవునేమో అన్నాను.

పేరు చెప్పడం భయం వల్ల అనుకుందాం. మరి ఈ మాట?

యాదగిరి పత్రిక మానేశాడు. నాకు ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. ఆ లెక్చరర్ మా కాలేజీలోనే రిటైరయ్యాడని విన్నాను. రేణుక ఏమైందో కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమై కాదు.

నిరుడు ఒక పెళ్లిలో యాదగిరి కనిపించాడు. పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. చేతులు కడుక్కుంటూ, సందర్భమేమీ లేకుండానే, రేణుక ఎప్పుడైనా కలిస్తే తాను కావాలని చెప్పలేదని చెప్పమన్నాడు. కావాలని! అంటే చెప్పింది తనేనని ఇన్నేళ్లుగా నమ్ముతూనే ఉన్నాడు. నేను సరేనని తలూపి అక్కణ్నుంచి వచ్చేశాను.

మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. యాదగిరి ఎక్కడా నోరు జారలేదు. రేణుక పేరు చెప్పింది నేను. రాసి చూసుకుంటే ఎంత చిన్న వాక్యం! కొంచెం ఊపిరాడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.