గాలిడబ్బాకు కట్టిన చీరముక్క

బస్తరు మొత్తం మీద పొగ పరీక్షలో మొదటి దెబ్బకే నెగ్గిన పాత అంబాసిడర్ నాదొక్కటే. పరీక్ష చేసే అతను పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి, "బాబూజీ, అగరొత్తుల వాసన వస్తోంది" అన్నాడు. ఈ మాట టౌన్‌షిప్‌లో ఎన్ని వాకిళ్లలో కూర్చుని చెప్పానో నాకే గుర్తులేదు.

అగరొత్తులు అబద్ధం. మొదటి దెబ్బ కూడా అబద్ధమే. అంబాసిడర్ మాత్రం నిజం.

అప్పుడు నేను ఇనుప గనిలో పనిచేసేవాణ్ని. శ్రీకాకుళం నుంచి వచ్చి కొండ కింద క్వార్టర్లో కాపురం పెట్టాం. అక్కడ ఎర్ర దుమ్ము పట్టని వస్తువు లేదు. తెల్ల చొక్కా వారం తిరిగేసరికి కాషాయం. బండి ఇంజను ఆ దుమ్ము మింగకుండా, గాలి పీల్చే డబ్బా మూతికి తడిగుడ్డ కట్టడం మా టౌన్‌షిప్ వాళ్ల అలవాటు. మా ఇంట్లో అది మా ఆవిడ పాత చీరముక్క. ఆదివారం పూట దాన్ని విప్పి, ఉతికి, తడిపి మళ్లీ కట్టేది ఆవిడే. బండిని కంటికి రెప్పలా చూసుకుంటాడన్న పేరు మాత్రం నాది.

ఒక ఏడు ఆవిడ చెల్లెలి పురిటికని ఊరెళ్లి, చాలా రోజులు ఉండిపోయింది. ఆ గుడ్డ సంగతి నాకు తట్టనే లేదు. సరిగ్గా అప్పుడే, పొగ సర్టిఫికెట్ లేని బండి టౌన్‌షిప్ గేటు దాటి లోపలికి రాకూడదన్నారు. గీదం ఊళ్లో సంతరోజున పరీక్ష వ్యాను వస్తుందంటే వెళ్లి వరసలో నిలబడ్డాను.

బండి స్టార్ట్ చేయగానే కారునలుపు పొగ. పరీక్ష చేసే అతను గొట్టంలోంచి తన పరికరం బయటికి లాగి, "ఫేల్" అన్నాడు. వెనక నిలబడ్డ మా షిఫ్టువాడు ఒకడు, "ఏం గురూ, బండికి కట్టెల పొయ్యి బిగించావా?" అన్నాడు. వరసంతా నవ్వింది.

రోడ్డుకు అవతల, బల్ల మీద సీసాల్లో పెట్రోలు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. తెలంగాణ సరిహద్దున ఉన్న పామేడు వైపు నుంచి వచ్చిన మనిషి. మేం తెలుగు మాట్లాడతామని "అన్నా" అని పిలిచేది. ఆ పిలుపు కోసమే మా వాళ్ల బళ్లన్నీ ఆమె దగ్గర ఆగేవి. నేను ఆమెకేసి చెయ్యి చూపించి, "బండిది కాదు తప్పు. ఆమె పెట్రోల్లో కిరసనాయిలు కలుపుతుంది" అన్నాను. సంతలో అందరికీ తెలియాలని హిందీలో అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "ఏంది అన్నా, గట్లంటవు? నేనేం కలిపిన? ఏ సీసన్న మూత తీసి వాసన చూడు."

నేను చూడలేదు. బండెక్కి వచ్చేశాను.

తర్వాతి సంతలకు ఆమె సీసాలు నిండుగానే ఉండేవి. మా వాళ్ల బళ్లు ఆమెను దాటి అవతలి బల్ల దగ్గర ఆగేవి. నాది కూడా.

మా ఆవిడ తిరిగొచ్చి, నా గోడు మొత్తం విని, "గుడ్డ ఉతికారా?" అంది. బానెట్ ఎత్తితే అది గుడ్డలా లేదు, కాల్చిన ఇటుకలా ఉంది. ఇంజనుకు ఊపిరాడక పొగ కక్కుతోంది. ఆవిడ దాన్ని పీకి అవతల పారేసింది. ఆ వారమే బండి పాసైంది. కార్బురేటర్‌ను చెవితో విని సరిచేశానని ఊరంతా చెప్పుకున్నాను. కిరసనాయిలు మాట మాత్రం ఎవరి దగ్గరా వెనక్కి తీసుకోలేదు. సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని ఆ బల్ల ముందు నుంచి పోతుంటే మెడ అటు తిరిగేది కాదు.

అయితే చివరికి తప్పు దిద్దుకున్నాననుకోండి. ఒక సంతరోజు బండి ఆపి, దిగి, నడిరోడ్డు మీద చేతులు జోడించి, తప్పు నాదేనని తెలుగులోనూ హిందీలోనూ అక్కడివాళ్ల హల్బీలోనూ అందరూ వినేలా చెప్పాను. ఆమె నవ్వి, "పోనీ అన్నా" అంది.

ఇంతవరకు రాసి మా ఆవిడకు వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అంది:

"మీరు బండి దిగనే లేదు. అద్దం కూడా దించలేదు. దిగి చెప్పింది నేను. అదీ తెలుగులో, ఆమె ఒక్కదానికే. 'అక్కా, అన్న హిందీల అన్నడు గద, హిందీల చెప్పుమను' అంది. నేనొచ్చి మీకు చెబితే బండి స్టార్ట్ చేశారు. అప్పటికే ఆ బల్ల మీద సీసాల్లేవు, చింతపండు కుప్ప ఉంది. అది రాయండి."